లేపాక్షి కప్పుపై వలువలు, కానరాని మగ్గము

పరస్థలములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు, పిల్లలకు మనదన్నది ఎట్లందింపవలెనను ప్రశ్న నిత్యమును ఎదురగుచునే యుండును. పద్యములు నేర్పుదుము, ఉగాదికి పచ్చడి చేసి పెట్టుదుము, పెండ్లిండ్లలో పాటలు పాడింతుము. కాని మన పెద్దలు ఏ పని చేసి బ్రతికిరి, ఏ పని చేతబట్టుకొని ఈ యూళ్ళకు వచ్చిరి అను సంగతి పిల్లలకు చెప్పుట మాత్రము అరుదు. ఈ లోపము మాకు తెలిసివచ్చినది గ్రంథాలయములో గాదు; ఒక దేవాలయపు కప్పు క్రింద.

కొన్ని యేండ్ల క్రిందట బెంగళూరునందలి తెలుగు కుటుంబములు కొన్ని కలిసి, పిల్లలను వెంటబెట్టుకొని లేపాక్షికి పోయితిమి. బెంగళూరునకు ఉత్తరమున సుమారు 120 కిలోమీటర్ల దూరములో, హిందూపురమునకు సమీపమున నున్న ఊరది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. పిల్లలు ముందు ఏకశిలా నందిని చూచి ఆశ్చర్యపడిరి. వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డను దూర్చి ఈడ్చిరి. విరూపణ్ణ తన కన్నులను తానే గోడకు కొట్టుకొనెనను కథ విని కొంత భయపడిరి. పిమ్మట రంగమండపములో నిలిచి పైకి చూచిరి. అచ్చట పార్వతీ పరిణయము, కిరాతార్జునీయము, మనునీతి చోళుని కథ, వటపత్రశాయి మొదలగు చిత్రములు వరుసలు దీరి యున్నవి. పది యేండ్ల బాలిక యొకతె కథ నడుగలేదు. స్త్రీలు ధరించిన చీరలను వేలితో చూపి తన నాయనమ్మను ఇట్లడిగినది: "అవ్వా, ఇన్ని రకాల చీరలు ఎవరు నేసినారు?"

మాలో చదువుకొన్నవారు చాలమంది యుంటిమి. ఆలయమును ఎవరు కట్టించిరని యడిగియున్న చెప్పెడివారము; ఏ రాజు కాలమని యడిగిన చెప్పెడివారము. ఆ ప్రశ్నకు మాత్రము మాలో ఎవరి నోటను మాట రాలేదు. ఆ వృద్ధురాలు తల యెత్తి కొంతసేపు చూచి, "మనట్లా వాళ్ళే నేసుంటారు తల్లీ" అన్నది. ఆమె మెట్టినింట ఒకప్పుడు మగ్గము లుండెడివని మాకు అప్పుడే తెలిసినది. ఆ బాలికకును అప్పుడే తెలిసినది.

ఆలయ చరిత్రను ముందు సంగ్రహముగా చెప్పుకొందము. విజయనగర సామ్రాజ్యమును అచ్యుతదేవరాయలు పాలించిన కాలము 1529 నుండి 1542 వరకు. ఆ కాలమున పెనుగొండలో రాజోద్యోగియై యుండిన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు కూర్మశైలమను రాతిగుట్టపై ఈ వీరభద్రాలయమును వృద్ధిచేసిరి. ఆలయపు గోడలపై కన్నడ శాసనములు కలవు. తెలుగు సీమ నడుమ కన్నడ శాసనములతో నిలిచిన ఈ గుడి, రెండు భాషల నడుమ బ్రతుకుచున్న మనవంటి కుటుంబములకు పరాయిది కాదు. 2022లో ఆలయమును, నందిని కలిపి యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేర్చిరి.

కప్పుపైని చిత్రములు సున్నపు గారపై వేయబడినవి. చాల భాగముల నేల రంగు ఎఱుపు. దానిపై పసుపు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ వన్నెలు కనబడును. ఎఱ్ఱమన్ను, పచ్చమన్ను, మసి, సున్నము — ఇవియే ముఖ్యమైన దినుసులు. సున్నపు ఘాటునకు చెట్టు రంగులు నిలువవు, మట్టిరంగులే నిలుచును. గర్భాలయము నెదుటి కప్పుపై వీరభద్రమూర్తి సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున వ్యాపించియున్నాడు. ఆ మహామూర్తి కాలిచెంత విరూపణ్ణ, వీరణ్ణలు పరివారముతో చిన్నగా చిత్రింపబడిరి. వారి తలలపై పొడుగాటి కుల్లాయిలు కలవు. శ్రీనాథుడు కర్ణాట రాజసభలో ధరింపవలసివచ్చెనని చాటుపద్యము వలన ప్రసిద్ధమైన కుల్లాయి ఎట్టిదో పిల్లలకు చూపదలచిన, ఇంతకంటె మంచి చోటు లేదు.

ఆ నాయనమ్మ కప్పును చూచు తీరు మా తీరు గాదు. మేము కథను చదువుచుంటిమి. ఆమె బట్టను చదువుచుండెను. ఆమెకు అక్షరములు రావు. అయినను ఆ దినమున మాకందరకును పాఠము చెప్పినది ఆమెయే. ఒక చీరపై నిలువు చారలున్నవి. "ఇది పడుగులోనే పెట్టిన చార" అన్నది. అనగా నేతకు ముందే, మగ్గముపై నిడుపుగా సాగదీసిన నూలు పోగులలో రంగు మార్చి అమర్చినది. వేరొక చీరపై గళ్ళున్నవి. గడి రావలెనన్న పడుగులో చార చాలదు. అడ్డముగా నాడెతో త్రోయు పేకలో గూడ అదే కొలతకు రంగు మార్చవలెను. కొలత తప్పిన గడి చదరము గాదు. ఇంకొకచోట పూవులు, హంసలు గల వస్త్రమున్నది. ఆ బొమ్మలు గళ్ళకు కట్టుబడక వంపులు తిరిగియున్నచో అది అద్దకము గాని, కలముతో వ్రాసినది గాని కావచ్చును; మగ్గముపైననే తీసిన బొమ్మ యైనచో అంచున మెట్లు మెట్లుగా కనబడును. చిత్రకారుడు తన కుంచెతో చూపినది ఏది యని కచ్చితముగా చెప్పుట కష్టమే. అయినను పిల్లలు మెడలు నొప్పి పుట్టునంతవరకు పైకి చూచి, "ఇది పడుగు చార, ఇది పేక చార, ఇది గడి" అని పందెము వేసికొనిరి. పుస్తకములో నాలుగు పుటలు చదివినను రాని జ్ఞానము గడియలో వచ్చినది.

రంగుల మాట వచ్చినప్పుడు మేమును కొంత చెప్పగలిగితిమి. గోడపై ఎఱుపు మట్టి. బట్టపై ఎఱుపు వేరు. తెలుగు తీరమున చిరివేరు అను మొక్కవేరు నుండి నూలుబట్టకు ఎఱుపు తెచ్చెడివారు. నూలు ఆ రంగును ఊరక పట్టుకొనదు. ముందు కరక్కాయ నీటిలో నానవేసి, పటిక పట్టించిన పిమ్మటనే రంగు పోగులోనికి దిగి నిలుచును. నీలిమందు సంగతి ఇంకను చిత్రమైనది. నీలి నీటిలో కరగదు. తొట్టిలో పులియబెట్టిన పిమ్మటనే బట్టకు పట్టును. ముంచి తీసినప్పుడు బట్ట పచ్చగా నుండి, గాలి సోకిన కొలది నీలమగును. ఒకే ఎఱుపు గోడకు ఒక దారిన, బట్టకు వేరొక దారిన వచ్చెనని తెలిసినప్పుడు, ఒక వస్త్రము వెనుక రైతు, నూలు వడకు స్త్రీ, అద్దకపువాడు, సాలెవాడు, వర్తకుడు ఇందరు నిలిచియున్నారని పిల్లలకు బోధపడినది.

ఇంతలో ఆ బాలిక మరల అడిగినది: "మరి మగ్గం బొమ్మ ఎక్కడ?"

అందరము వెదకితిమి. పెండ్లికి వచ్చిన దేవతలు, వేటాడబడు వరాహము, న్యాయము కోరి గంట మ్రోగించిన ఆవు, ఆలయము కట్టించిన సోదరులు, వారి వెనుక నిలిచిన పరిజనము — అందరును కలరు. అందరును నేతబట్టలే కట్టియున్నారు. మగ్గము మాత్రము మా కంటికి ఎచ్చటను కనబడలేదు. చిత్రకారుడు వస్త్రమును ప్రేమతో, ఓపికతో, ఒక్కొక్క అంచును విడివిడిగా గీచెను. నేసినవానిని గీయుమని ఎవరును అతనిని అడిగియుండరు. గోడకు సొమ్మిచ్చినవాడు గోడపై నిలుచును; ఇది లోకరీతి.

అట్లని ఆ కాలపు చరిత్రలో మగ్గమే లేదని కాదు. విజయనగరకాలపు శాసనములలో మగ్గములపై పన్ను ప్రస్తావన పలుమారు వచ్చును. రాజ్యమునకు మగ్గము పరిచితమే, పన్నుగా పరిచితము. అచ్యుతరాయల కాలమున విజయనగరములో నుండిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు రాజు వేషమును వర్ణించుచు, రాజు ఒకసారి కట్టిన వస్త్రమును మరల కట్టడని వ్రాసెను. అతని కుల్లాయి జరీబట్టతో చేసినదనియు, మిక్కిలి వెల గలదనియు చెప్పెను. ఈ మాటను మేము పిల్లలకు లెక్కగా ఇచ్చితిమి: రాజు దినమున కొక క్రొత్తవస్త్రము చొప్పున సంవత్సరమునకు ఎన్ని? ఒక వస్త్రమునకు సాలెవానికి పదిదినములు పట్టునని అనుకొన్నచో, ఒక్క రాజు కట్టుబట్టకే ఎన్ని మగ్గములు ఏడాది పొడవున ఆడవలెను? పది మగ్గములని వారు వెంటనే చెప్పిరి. పిమ్మట రాణుల సంగతి, సేనానుల సంగతి, కప్పుపైని పరివారపు సంగతి లెక్కించుటకు మొదలిడి, లెక్క చాలక నవ్విరి. ఆ నవ్వులో వారికి ఒక పరిశ్రమ యొక్క పరిమాణము అందినది.

నేతగానికి గోడపై చోటు దొరికిన దేశమే లేదా యను ప్రశ్న మాకప్పుడు పుట్టినది. వెదకగా మెక్సికో దేశపు వృత్తాంతము కనబడినది. 1910లో మొదలైన విప్లవపు కల్లోలము సద్దుమణగిన పిమ్మట, 1921లో అచ్చట విద్యాశాఖకు హోసే వాస్కొన్సేలోస్ అధిపతి యయ్యెను. చదువురాని ప్రజలు అసంఖ్యాకులుగా నున్న దేశమది. పుస్తకము చదువలేనివాడు గోడను చదువగలడని తలచి, అతడు ప్రభుత్వ భవనముల గోడలను చిత్రకారులకు అప్పగించెను. వారిలో డియేగో రివేరా ముఖ్యుడు. మెక్సికో నగరమునందలి విద్యాశాఖ భవనములో అతడు 1923 నుండి 1928 వరకు పనిచేసి, నూటికి పైగా చిత్రఫలకములను పూర్తిచేసెను. అందు ఒక ముంగిలికి శ్రమ ముంగిలి యని పేరు. ఆ గోడలపై మగ్గము నొద్ద కూర్చున్న నేతగాండ్రు కలరు. రంగు ముంచువారు కలరు. చెఱకు గానుగ యొద్ద పనివారు, కుండలు చేయువారు, గనిలోనికి దిగువారు, గని నుండి వెలికి వచ్చువారు కలరు. దేశములోని ఒక్కొక్క ప్రాంతపు పని ఒక్కొక్క గోడపైకి ఎక్కినది. అది బడిపిల్లల చదువును చూచు శాఖ యొక్క సొంత భవనము. చదువునకు మొదటి పుట పనిచేయు చేయి యని ఆ గోడ చెప్పుచున్నది.

ఆ రివేరాయే పిమ్మట అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయి, 1932 జూలై నుండి 1933 మార్చి వరకు డిట్రాయిట్ నగరపు కళాభవనములో 27 ఫలకములు చిత్రించెను. ఆ నగరము మోటారుకార్ల పరిశ్రమకు పుట్టినిల్లు. అందుకైన ద్రవ్యమిచ్చినది ఫోర్డు కంపెనీ అధ్యక్షుడు ఎడ్సెల్ ఫోర్డు. రివేరా కుంచె పట్టుటకు ముందు నెలల తరబడి రూజ్ నదీతీరపు కర్మాగారములో తిరిగి, యంత్రములను, మనుష్యులను గీచుకొనెను. ఇనుపరాయి ఒక వైపు దిగి, కారు మరియొక వైపు వెలువడునంత పెద్ద కర్మాగారమది. ఉత్తరపు గోడపై కొలిమి మండుచుండును. దాని క్రింద ఎనిమిది సిలిండర్ల ఇంజను తయారగుచుండును. దక్షిణపు గోడపై రేకులను అచ్చొత్తు మహాయంత్రము, కారు భాగములు కూర్చు వరుస కనబడును. గోడల పైభాగమున నాలుగు జాతుల మూర్తులు ఇనుపరాయిని, బొగ్గును, సున్నపురాతిని, ఇసుకను చేతబట్టియున్నవి. క్రింది చిన్న ఫలకములలో పనివాని దినచర్య యున్నది: ఉదయము గడియారము నొద్ద హాజరు వేయించుకొనుట మొదలు, తుదకు కూలి పుచ్చుకొని ఇంటికి మరలుట వరకు. సొమ్మిచ్చిన ఎడ్సెల్ ఫోర్డు ఒక మూల, క్రిందుగా నిలిచియున్నాడు. పూర్తియైన కారు వెదకి చూచిన గాని కనబడనంత చిన్నది.

లేపాక్షికిని డిట్రాయిట్‌కును ఇదియే భేదము. లేపాక్షిలో వస్త్రము కలదు, మగ్గము లేదు. డిట్రాయిట్‌లో మగ్గమనదగిన యంత్రములు గోడనంతయు నిండియున్నవి. తయారైన వస్తువే చుక్కయంత. రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూపినచో, వస్తువును చూచుట వేరనియు, పనిని చూచుట వేరనియు ఎంత చిన్న పిల్లవానికైనను తెలియును.

అయితే డిట్రాయిట్ గోడ అంతయు చెప్పినదనుట పొరపాటు. అవి మహామాంద్యపు రోజులు. 1932 మార్చి 7వ తేదీన పనిపోయిన కార్మికులు వేలకొలది ఆ కర్మాగారపు ద్వారము వైపు ఆకలియాత్ర చేసిరి. వారిపై కాల్పులు జరిగి నలుగురు అచ్చటనే మరణించిరి. అయిదవవాడు తరువాత మరణించెను. రివేరా ఆ నగరమునకు వచ్చినది మరుసటి నెలలోనే. ఆ యాత్ర గోడపై లేదు. గోడను తెరచినప్పుడు మతనింద యనియు, అమర్యాద యనియు గొప్ప అలజడి చెలరేగి, సున్నము కొట్టివేయవలెనని గూడ కేకలు పుట్టినవి. ఎడ్సెల్ ఫోర్డు నిలిచి కాపాడెను. న్యూయార్కులో అదే చిత్రకారుడు రాక్‌ఫెల్లర్ భవనమునందు మొదలిడిన చిత్రమునకు అట్టి రక్షణ దొరకలేదు. 1933లో పని ఆపివేసి, 1934లో దానిని పగులగొట్టిరి. కనుక గోడ కూడ ఒకరి దయపై నిలుచునదే. అది చూపినదానిని చూడవలెను, చూపనిదానిని అడుగవలెను. అడిగించువారు ప్రక్కన లేనిచో గోడ బొమ్మగానే మిగులును, పాఠము గాదు.

మన దేశమునందును ఇట్టి ప్రయత్నము లేకపోలేదు. 1938లో గుజరాతునందలి హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, గాంధీమహాత్ముని కోరికపై నందలాల్ బోసు పల్లెప్రజల నిత్యవృత్తులను చిత్రపటములుగా వేసి సభాస్థలమున నిలిపెను. చేతికాగితము, మట్టిరంగులు, బారుగా సాగిన బలమైన గీతలు — లేపాక్షి కప్పుక్రింద నిలిచినవానికి ఆ మార్గము కొత్తది కాదు. సభకు వచ్చిన రైతు తన పనిని, తన పొరుగువాని పనిని గౌరవస్థానములో చూచుకొనెను. బొమ్మలకు అంతకుమించిన ప్రయోజనము వేరొకటి లేదు.

ఇక మన సంగతి. తెలుగువారు వలసపోయిన దారులలో నేతదారి ముఖ్యమైన వానిలో నొకటి. షోలాపురమునకు తెలంగాణము నుండి పోయిన పద్మశాలీ కుటుంబములు ఆ నగరపు బట్టల పరిశ్రమకు వెన్నెముకయైనవి. అచ్చటి పెద్ద మిల్లులు అనేకము మూతపడినను, షోలాపురపు దుప్పటికి భౌగోళిక గుర్తింపు కలదు. దాని పోగులలో తెలుగు చేతుల నేర్పు కలదు. కన్నడ, తమిళ దేశములందు తెలుగు మాటాడు దేవాంగ కుటుంబములు తరతరములుగా కలవు. బరంపురపు పట్టు పేరెన్నికగన్నది. యానాములో ఫ్రెంచివారు 18వ శతాబ్దిలో కోఠీ పెట్టుటకు గోదావరి ప్రాంతపు సన్నని నూలుబట్టలు ఒక కారణము. చెన్నపట్టణమున 1734లో గవర్నరు పిట్ కాలమున సాలెవారికై ఒక పేట కట్టించిరి. తరి యనగా తమిళమున మగ్గము. చిన్న తరి పేట యనునదియే చింతాద్రిపేట యైనదని చెప్పుదురు. నేడు ఆ వీథులలో నడచువారికి మగ్గము కనబడదు. ఊరి పేరులో మాత్రము వినబడును, అదియు చెవి పెట్టి విన్నచో.

ఆ శబ్దమునే మనము కోలుపోవుచున్నాము. పడుగు, పేక, నాడె, కండె, ఆసు, అచ్చు, గంజి, గుంటమగ్గము — ఈ మాటలు మన తాతల యిండ్లలో అన్నము, నీళ్ళు వంటివి. షోలాపురము పిల్లవాడు బడిలో మరాఠీ చదువును. బెంగళూరు పిల్లవాడు కన్నడము, ఇంగ్లీషు చదువును. బరంపురము పిల్లవాడు ఒడియా చదువును. చదువవలసినదే, ఆ భాషలు మనకు అన్నము పెట్టినవి. కాని ఈ నేతమాటలు ఏ బడిపుస్తకములోను తెలుగులో వారికి దొరకవు. ఇంటిలో మగ్గము దిగిపోయిన నాడే ఆ మాటలు నోటి నుండి దిగిపోవును. మగ్గము పోయినందుకు మేము విలపించుట లేదు. గుంటలో కాళ్ళు పెట్టి, వంగి, వర్షకాలమున పోగు సాగక పస్తుండిన బ్రతుకులోనికి పిల్లలను మరల పంపవలెనని ఏ తల్లియు కోరదు. కాని ఆ బ్రతుకు ఎట్టిదో తెలియక, దానిని గూర్చి సిగ్గుపడు పిల్లలను పెంచుట మాత్రము తప్పు. ఆ దినమున లేపాక్షిలో, తన యింట మగ్గములుండెడివని చెప్పునప్పుడు ఆ నాయనమ్మ గొంతు కొంచెము తగ్గినది. కప్పుపైని పార్వతీదేవి కట్టిన చీరను గూర్చి చెప్పునప్పుడు మాత్రము తగ్గలేదు. రెండును ఒకే పని యని ఆమెకు మేము చెప్పవలసి యుండెను, మనుమరాలు చెప్పినది.

తిరిగివచ్చిన పిమ్మట మేము చేసిన చిన్న ప్రయత్నమును ఇచ్చట మనవి చేసికొందుము. పిల్లలందరిని ఒక ఆదివారము కూర్చుండబెట్టి, లేపాక్షిలో తాము చూచిన అంచులలో ఒక్కొక్కటి కాగితముపై జ్ఞాపకముంచుకొని గీయుమంటిమి. ఆ కాగితము క్రింద సగము ఖాళీ విడువుమంటిమి. ఆ ఖాళీలో, అంచును నేయుటకు కావలసిన పనిముట్టును గాని, మనిషిని గాని ఇంటి పెద్దలనడిగి గీసికొని రావలెనని పని యిచ్చితిమి. ఒక మాసములో కాగితములు తిరిగివచ్చినవి. ఒకరు రాట్నమును గీచిరి. ఒకరు వీథిపొడవున సాగదీసిన పడుగును, దానికి గంజి పట్టించు నలుగురు మనుష్యులను గీచిరి. ఇండ్లలో నేత లేని పిల్లలు ప్రత్తిచేనును, బండిని, అంగడిని గీచిరి. అవియు ఆ పరిశ్రమలోని భాగములే. ప్రతి బొమ్మ క్రిందను పేరు తెలుగులో వ్రాయవలెనని నియమము పెట్టితిమి. అక్షరములు తప్పినవి, మాటలు తప్పలేదు.

ఈ పనికి గొప్ప ధనము అక్కరలేదు. మన సంఘములకు చాల ఊళ్ళలో సొంత మందిరములున్నవి. వాని గోడలపై దాతల పేర్లు చలువరాతిపై చెక్కించితిమి, అది ఉచితమే. ఆ గోడలలో ఒక్కదానినైనను పిల్లలకు ఇచ్చి, ప్రత్తికాయ మొదలుకొని మడతపెట్టిన చీర వరకు పది బొమ్మలు వరుసగా వేయింపవచ్చును. నేత లేని ఊళ్ళలో ఆ ఊరి పని ఏదియో దానిని వేయింపవచ్చును: గనియైన గని, రేవైన రేవు, చెఱకైన చెఱకు. చిత్రకారుడు గొప్పవాడు కానక్కరలేదు. వరుస తప్పకుండవలెను, పనిముట్టు సరిగా నుండవలెను, పనివాని ముఖము కనబడవలెను. సాధ్యమైనచో పెద్దలు బ్రతికియుండగానే వారిని ఎదుట కూర్చుండబెట్టుకొని వేయవలెను. నాడె ఏ చేతి నుండి ఏ చేతికి పోవునో వారు గాక మరెవరు చెప్పగలరు?

లేపాక్షికి పోవువారికి ఒక మనవి కలదు. అచ్చటి రంగు పలుచోట్ల రాలిపోయినది. పిల్లలను గోడలను తాకనీయరాదు. దూరము నుండియే చూపవలెను. లతామండపపు స్తంభములపై రాతిలో చెక్కిన లతలను చూపుట మరువరాదు. ఆ లతలు నేటికిని చీరల అంచులలో వెలయుచున్నవి. అదే జిల్లాలోని ధర్మవరపు పట్టుచీరలకు లేపాక్షి ఒరవడి యని చెప్పుదురు. రాయి నుండి గోడకు, గోడ నుండి మగ్గమునకు ఒక గీత ప్రయాణము చేసిన మార్గమును ఒక్క దినములో చూపగల సీమ అది. వీలైనచో లేపాక్షి చూచిన మరునాడు ధర్మవరము పోయి, ఆడుచున్న మగ్గమునొద్ద పిల్లలను కొంతసేపు నిలువబెట్టవలెను. ఇంట ముసలివారున్నచో వారిని తప్పక వెంట తీసికొనిపోవలెను. మెట్లెక్కుట కష్టమని విడిచిపోరాదు.

ఆ బాలిక గీచిన కాగితము మా యొద్ద కలదు. పైభాగమున గళ్ళచీర కట్టిన స్త్రీ. లేపాక్షి కప్పుపైని పద్ధతిలో ప్రక్కచూపు, పెద్ద కన్ను. క్రింది సగములో గుంటమగ్గము. మగ్గము నొద్ద కూర్చున్నది పురుషుడు గాదు, ఆమె నాయనమ్మ. "మా అవ్వ కండెలు చుట్టేది, నేసేది తాత" అని పిల్లయే ఒప్పుకొన్నది. "మరి అవ్వను మగ్గము నొద్ద కూర్చుండబెట్టితివేమి?" అని యడిగితిమి. "తాతను నేను చూడలేదు కదా" అన్నది. క్రింద పెద్ద అక్షరములతో, ఒత్తు తప్పినను, మగ్గము అని వ్రాసియున్నది.